అరచేతిలో కారు: ఏది కొనాలి, ఎందుకు కొనాలి



హైదరాబాద్‌లో మెట్టుగూడ నుంచి తార్నాక దాకా నడిచి వెళ్తే దారి పొడవునా స్టేషనరీ కొట్లు, బొమ్మల దుకాణాలు, సూపర్ మార్కెట్లు కనిపిస్తాయి. వాటిలో చాలాచోట్ల కౌంటర్ పక్కన ఒక ఇనుప స్టాండు ఉంటుంది. దాని కొక్కేలకు అట్టల మీద అతికించిన చిన్న చిన్న లోహపు కార్లు వేలాడుతుంటాయి. బడి వదిలే వేళకు పిల్లలు ఆ స్టాండు చుట్టూ మూగుతారు. ఆఫీసు నుంచి ఇంటికి వెళ్తూ ఆగి, ఒక్కో అట్టనూ తిప్పి చదివే పెద్దవాళ్లుంటారు. యూనివర్సిటీ హాస్టళ్ల కుర్రాళ్లూ ఉంటారు. వాళ్లందరికీ వచ్చే సందేహం ఒక్కటే. కొత్తగా వచ్చినవాటిలో ఏది తీసుకోవాలి? ఇవాళ దాని గురించే మాట్లాడుకుందాం.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. కొత్తది వచ్చిందని కొనుక్కుంటూ పోతే ఇంట్లో సరుకు పెరుగుతుంది, అంతే. ఈ కారు నా దగ్గర ఎందుకుండాలో నేను చెప్పగలిగిన రోజున అది సేకరణ అవుతుంది. ఆ కారణం ఎలా వెతుక్కోవాలో, అందుకు ఏమేం తెలిసి ఉండాలో చెప్పాలన్నదే నా ప్రయత్నం.

ముందు ఈ కారు ఎలా తయారవుతుందో చూద్దాం. తయారీ తెలిస్తే ఎంపిక సగం తెలిసినట్టే. దీని ఒంటికి వాడేది జింక్ ప్రధానంగా ఉన్న మిశ్రమ లోహం. జింక్‌లో సుమారు నాలుగు శాతం అల్యూమినియం, కొద్దిగా మెగ్నీషియం, రాగి కలుపుతారు. జమాక్ అని పిలిచే ఈ లోహాన్ని 1929లో అమెరికాలోని న్యూజెర్సీ జింక్ కంపెనీ రూపొందించింది. ఇనుము కరగాలంటే పదిహేను వందల డిగ్రీలకు పైగా వేడి కావాలి. జమాక్ నాలుగు వందల డిగ్రీల లోపే కరిగిపోతుంది. అందుకే దాన్ని జంతికల గొట్టంలో పిండిని నొక్కినట్టు, గట్టి ఉక్కు అచ్చులోకి ఒత్తిడితో కొడతారు. తలుపు గీతలు, బంపర్ అంచు, వెనక దీపాల గుంతలు అన్నీ ఆ ఒక్క దెబ్బతోనే పడతాయి. ఆ తర్వాత అంచులకు మిగిలిన పలుచటి లోహాన్ని తీసేసి, రాళ్లతో కలిపి దొర్లించి నునుపు చేస్తారు. రంగు కొడతారు. మెత్తటి సిలికాన్ ముద్రతో గీతలు, అంకెలు, దీపాలు అద్దుతారు. లోపలి సీట్లు, అద్దాలు, చక్రాలు అమర్చి, అడుగు పలకను రివెట్లతో బిగిస్తారు.

ఈ పని మొత్తంలో బాగా ఖర్చయ్యేది ఆ ఉక్కు అచ్చుకే. దాన్ని చెయ్యడానికి నైపుణ్యం కావాలి, నెలల సమయం కావాలి. అంత పెట్టి చేసిన అచ్చును ఏ కంపెనీ అయినా ఏళ్ల తరబడి వాడుకుంటుంది. ఈ ఏడాది ఎర్ర రంగులో వచ్చిన కారు వచ్చే ఏడాది నీలం రంగులో, ఆ పై ఏడాది పోలీసు గుర్తులతో రావడానికి కారణం ఇదే. దుకాణంలో కొత్తగా కనిపించే కార్లలో చాలావాటికి రంగే కొత్త, అచ్చు పాతది. నిజంగా కొత్త అచ్చుతో వచ్చేవి తక్కువ. కొత్త రిలీజ్ చేతికి రాగానే చూడవలసిన మొదటి సంగతి అది.

లోహాన్ని పోతపోసే విద్య మన ఊరికి కొత్తేమీ కాదు. నిజాం కొలువులోని ఫ్రెంచి సేనాని రేమండ్ పద్దెనిమిదో శతాబ్దం చివర్లో గన్‌ఫౌండ్రీలో ఫిరంగులు పోత పోయించాడు.   మన మెట్టుగూడ పక్కనే ఉన్న లాలాగూడ రైల్వే వర్క్‌షాప్ 1893 నాటిది. ఈ చుట్టుపక్కల కుటుంబాల్లో తరాల తరబడి ఇనుముతో, యంత్రాలతో పనిచేసినవాళ్లున్నారు. బాలానగర్‌లో 1968లో పెట్టిన సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ ఇవాళ్టికీ ఇలాంటి అచ్చులు చేసే విద్యనే నేర్పుతోంది. అట్ట మీది చిన్న కారును చూసి ఇదెక్కడిదో పరాయి వింత అనుకోనక్కర్లేదు. దాని వెనకున్న విద్య మన బస్తీలకు తెలిసినదే.

ఇక చరిత్ర. ఇంగ్లండులోని లివర్‌పూల్‌లో ఫ్రాంక్ హార్న్‌బీ మెకానో కంపెనీ ఉండేది. బొమ్మ రైళ్ల పక్కన పెట్టుకోవడానికని ఆ కంపెనీ చిన్న లోహపు వాహనాలు చేసింది. 1934 నాటికి వాటికి డింకీ టాయ్స్ అన్న పేరు స్థిరపడింది. రైలు బొమ్మకు తోడుగా పుట్టిన ఈ కార్లు కొద్దికాలంలోనే రైలును దాటి సొంతంగా నిలబడ్డాయి. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక, 1947లో లండన్‌లో లెస్నీ అనే చిన్న పోత కర్మాగారం మొదలైంది. అందులో భాగస్వామి అయిన జాక్ ఓడెల్ కూతురి బడిలో ఒక నియమం ఉండేది. అగ్గిపెట్టెలో పట్టేంత బొమ్మనే బడికి తేవాలి. ఓడెల్ ఆ పాప కోసం ఇత్తడితో ఒక బుల్లి రోడ్డు రోలర్ చేసిచ్చాడు. అక్కడి నుంచే 1953లో మ్యాచ్‌బాక్స్ కార్లు వచ్చాయి. అదే ఏడాది రాణి ఎలిజబెత్ పట్టాభిషేక రథం నమూనాను లెస్నీ పది లక్షలకు పైగా అమ్మింది.

1968లో అమెరికాలో మ్యాటెల్ కంపెనీ పదహారు కార్లతో హాట్ వీల్స్ మొదలుపెట్టింది. సన్నటి ఇరుసులు, రాపిడి తగ్గించే అమరిక, మెరిసే లోహపు రంగులు. నేల మీద తోస్తే అంతకు ముందున్న ఏ బొమ్మ కారూ వెళ్లనంత దూరం వెళ్లేవి. 1970లో జపాన్‌లో టోమీ కంపెనీ ఆరు కార్లతో టోమికా తెచ్చింది. ఆ ఆరూ జపాన్ రోడ్ల మీద తిరిగే బండ్లే. పిల్లవాడు తన వీధిలో చూసిన బండినే చేతిలో పట్టుకోవాలన్నది వాళ్ల సంకల్పం. ఈ మాట గుర్తుంచుకోండి, చివర్లో దీనితో పని ఉంది.

మన దేశం సంగతి చూద్దాం. 1960ల చివర్లో డింకీ అచ్చులు కొన్ని ఓడెక్కి కలకత్తా చేరాయి. అక్కడ నిక్కీ టాయ్స్ పేరుతో జాగ్వార్, మెర్సిడెస్, ఫోక్స్‌వాగన్ లాంటి బొమ్మ కార్లు తయారయ్యాయి. అప్పటికే అరిగిన అచ్చులు, దళసరి రంగు. అయినా ఇవాళ విదేశాల్లో డింకీ సేకరించేవాళ్లు నిక్కీ కార్ల కోసం ప్రత్యేకంగా వెతుకుతారు. ఆ తర్వాత కలకత్తాలోనే మ్యాక్స్‌వెల్ బొమ్మలు, 1980ల ద్వితీయార్ధం నుంచి లియో మ్యాటెల్ పేరుతో మన దేశంలో చేసిన హాట్ వీల్స్ వచ్చాయి. మీ ఇంట్లో అటక మీద, పాత ట్రంకు పెట్టెలో, అలాంటి కారు ఒకటి ఉండొచ్చు. అడుగున ఏం రాసుందో ఒకసారి చూడండి. మేడ్ ఇన్ ఇండియా అని ఉంటే దాన్ని పారెయ్యకండి. జుమ్మేరాత్ బజార్‌లోనో, ఎర్రగడ్డ ఆదివారం సంతలోనో ఇలాంటివి తుక్కులో కలిసి దొరుకుతాయి. రంగు ఊడిపోయినా సరే, దానికి మళ్లీ రంగు వెయ్యకండి. ఆ పాత రంగే దాని సాక్ష్యం.

ఇప్పుడు కొత్త రిలీజ్‌ల విషయానికొద్దాం. మన దుకాణాల్లో ఎక్కువగా దొరికేది హాట్ వీల్స్ కాబట్టి దాన్నే ఉదాహరణగా తీసుకుంటాను. మెయిన్‌లైన్ అనే మామూలు వరుసలో ఏడాదికి సుమారు రెండు వందల యాభై కార్లు వస్తాయి. అట్ట మీద ఎన్నింటిలో ఎన్నోదో అంకె ఉంటుంది. ఈ కార్లన్నీ ఒక్కసారే రావు. ఆంగ్ల అక్షరాల పేర్లున్న కేసులనే పెట్టెల్లో ఏడాది పొడవునా విడతలుగా వస్తాయి. ఇవాళ స్టాండు మీద లేనిది వచ్చే విడతలో రావచ్చు కాబట్టి కంగారు పడక్కర్లేదు. ప్రీమియం వరుస వేరు. దానికి రబ్బరు టైర్లు, లోహపు అడుగు పలక, కుదురైన రంగు ఉంటాయి. ధర కూడా కొన్ని రెట్లు ఎక్కువ.

కారు అడుగున ముద్రించిన సంవత్సరం చూసి చాలామంది పొరబడతారు. కాపీరైట్ గుర్తు పక్కన ఉండేది ఆ నమూనా హక్కుల సంవత్సరం. కారు తయారైన ఏడాది అది కాదు. 2008 నుంచి హాట్ వీల్స్ అడుగున ఒక ఆంగ్ల అక్షరం, రెండంకెల సంఖ్య కలిసిన చిన్న కోడ్ కూడా ఉంటోంది. అక్షరం ఏడాదిని, అంకెలు వారాన్ని చెబుతాయి. పాత కారని చెప్పి ఎక్కువ ధర అడిగితే ముందు ఆ కోడ్ చూడండి.

ట్రెజర్ హంట్ అన్న మాట పిల్లల నోట తరచు వింటుంటాం. 1995లో హాట్ వీల్స్ పన్నెండు కార్లను, ఒక్కోటి పది వేల చొప్పున మాత్రమే చేసి, మామూలు కార్ల మధ్య కలిపి పంపింది. అదే మొదలు. 2007 నుంచి వాటిలో సూపర్ అనే మేలురకం వచ్చింది. రబ్బరు టైర్లు, లోతుగా మెరిసే రంగు దాని గుర్తులు. అది దొరికితే సంతోషించాల్సిందే. కానీ దాని కోసం పొద్దున్నే దుకాణం తెరవకముందే వెళ్లి డబ్బాలు తిరగెయ్యడం, పది నిమిషాల్లో సరుకు తెచ్చే యాప్‌లలో ఉన్నవన్నీ ఒక్కరే కొనేసి మూడు రెట్లకు అమ్మడం, ఇవి ఈ సరదాను పాడుచేస్తున్నాయి. స్టాండు ముందుకొచ్చిన పిల్లవాడికి ఖాళీ కొక్కెం మిగులుతోంది. అరుదైనది కాబట్టి కొన్నానంటే, ఆ కారణం మీది కాదు. కంపెనీ మీ కోసం తయారుచేసి పెట్టిన కారణం అది.

మరి మన సొంత కారణం ఎలా ఉంటుంది? మన ఊరి నుంచే నాలుగు ఉదాహరణలు చెబుతాను.

చౌమహల్లా ప్యాలెస్‌కు వెళ్తే అక్కడ పసుపు రంగు రోల్స్‌రాయిస్ సిల్వర్ ఘోస్ట్ ఉంటుంది. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ దాన్ని ఆర్డరిచ్చాడు. బండి చేరేలోపే, 1911లో కన్నుమూశాడు. లెస్నీ కంపెనీ 1956లో మొదలుపెట్టిన మోడల్స్ ఆఫ్ యెస్టర్‌ఇయర్ వరుసలో ఆ కాలపు రోల్స్‌రాయిస్‌లు ఉన్నాయి. అసలు బండిని చౌమహల్లాలో చూసొచ్చి, ఆ నమూనాను ఇంట్లో పెట్టుకున్నవారికి ఆ ఒక్క కారులో హైదరాబాద్ చరిత్ర ఒక అధ్యాయం దొరుకుతుంది.

రెండోది ఫార్ములా ఈ. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున విద్యుత్ కార్ల పందెం జరిగింది. జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. ఆ పందెం గుర్తుగా ఫార్ములా ఈ బొమ్మ కారు కొనాలనుకునేవాళ్లు ఒక విషయం గమనించాలి. 2020లో హాట్ వీల్స్ తెచ్చిన నమూనా రెండో తరం కారుది. హైదరాబాద్‌లో పరుగెత్తింది మూడో తరం కారు. రెంటి ఆకారాలూ వేరు. ఆ తేడా పట్టుకోవడమే సేకరణలోని ఆనందం. చూసే కన్ను అలాగే పదునెక్కుతుంది.

మూడోది డబుల్ డెక్కర్. సికింద్రాబాద్ నుంచి జూ పార్కుకు వెళ్లే రెండంతస్తుల బస్సు పై అంతస్తులో ముందు సీటు కోసం పరుగెత్తిన తరం ఇప్పుడు తాతయ్యలు, అమ్మమ్మలు అయ్యారు. ఆ బస్సులు ఆగిపోయి చాలా ఏళ్లయ్యాక, 2023 ఫిబ్రవరిలో విద్యుత్ బస్సులుగా కొన్ని తిరిగొచ్చాయి. లండన్ డబుల్ డెక్కర్ నమూనాలు దాదాపు అన్ని కంపెనీలూ చేశాయి. మన బస్సుకు అది అచ్చంగా సమానం కాదు, దగ్గరి చుట్టం. ఇక్కడ స్కేలు, అంటే బొమ్మ అసలు బండిలో ఎన్నో వంతో, ఆ సంగతి కూడా తెలుసుకోవాలి. అరవై నాలుగో వంతు స్కేలులో అంబాసిడర్ కారు ఆరున్నర సెంటీమీటర్ల కన్నా కాస్త ఎక్కువ పొడవుంటుంది. అదే స్కేలులో పన్నెండు మీటర్ల సిటీ బస్సు దాదాపు పంతొమ్మిది సెంటీమీటర్లు ఉండాలి. అట్ట మీద పట్టాలని కంపెనీలు బస్సును కూడా కారంతే చేస్తాయి. పక్కపక్కన పెట్టి వీధిలా అమర్చాలనుకునేవాళ్లు స్కేలు చూసుకునే కొనాలి.

నాలుగోది జీపు. మన పోలీసు స్టేషన్ల ముందు, ఊళ్లలో ఎన్నికల ప్రచారాల్లో కనిపించిన మహీంద్రా జీపుకు మూలం విల్లీస్ జీపు. దాని నమూనాలు మ్యాచ్‌బాక్స్‌లో మంచివి వచ్చాయి. మామూలు ధరకే దొరికే ఆ జీపు, మన ఇళ్లల్లో పదిమందిని జ్ఞాపకాల్లోకి తీసుకెళ్తుంది. ధరకూ విలువకూ సంబంధం లేదని దాన్ని చూస్తే తెలుస్తుంది.

కొత్త కారు చేతిలోకి తీసుకున్నప్పుడు నేను మూడు సంగతులు చూస్తాను. ఈ బండికీ నేను చూసిన జీవితానికీ సంబంధం ఉందా? అచ్చు కొత్తదా, ఆకారం అసలు బండికి న్యాయం చేసిందా? ఇప్పటికే నా దగ్గరున్నవాటి పక్కన ఇది ఏదైనా ఖాళీని నింపుతుందా? మూడింటిలో రెంటికైనా అవునని జవాబు రాకపోతే తిరిగి కొక్కేనికి తగిలించేస్తాను. ఎన్ని కొనాలన్నదానికీ ఒక లెక్క ఉండాలి. టోమికా ప్రతి నెలా మూడో శనివారం కొత్త కార్లు విడుదల చేస్తుంది. మామూలు వరుసలో నెలకు రెండు. మన ఇంటి బడ్జెట్‌కూ అలాంటి హద్దు ఒకటి పెట్టుకుంటే మంచిది. హద్దు ఉన్నప్పుడే చూపు నిలుస్తుంది.

కొనేటప్పుడు చట్టం కూడా మన వైపే ఉంది. ప్యాకెట్ మీద ముద్రించిన గరిష్ఠ చిల్లర ధర కంటే ఎక్కువకు దుకాణదారు అమ్మకూడదు. 2021 జనవరి 1 నుంచి బొమ్మలకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి అయింది. పిల్లల చేతికిచ్చే బొమ్మ మీద ఆ గుర్తు చూడండి. విదేశీ బొమ్మల మీద దిగుమతి సుంకం 2020లో ఇరవై శాతం నుంచి అరవైకి, 2023లో డెబ్బైకి పెరిగింది. కొన్ని విదేశీ కార్లు ఇక్కడ అంత ఖరీదు కావడానికి ఒక కారణం ఇదే. మూడేళ్ల లోపు పిల్లలకు ఈ కార్లు ఇవ్వకండి. చిన్న భాగాలు ఊడి గొంతులో ఇరుక్కునే ప్రమాదం ఉంది. పాతకాలపు కార్ల రంగులో సీసం ఉండవచ్చు కనుక వాటిని ఆటకు ఇవ్వనే వద్దు.

ఇక దాచుకోవడం. ఎండ తగిలితే రంగు వెలుస్తుంది. వానాకాలపు తేమ రివెట్లనూ ఇరుసులనూ తుప్పు పట్టిస్తుంది. గాజు తలుపుల అల్మారా, అందులో తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలు చాలు. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు చేసిన కొన్ని కార్లు ముట్టుకుంటే పెళుసుగా విరిగిపోతాయి. పోతపోసినప్పుడు జింక్‌లో సీసం లాంటివి కలవడం వల్ల లోహం లోపలి నుంచే చీలిపోతుంది. దానికి మందు లేదు. మంచి లోహం వాడిన కారు మాత్రం మనుమల కాలానికీ నిలుస్తుంది. అట్ట విప్పాలా వద్దా అని అడిగితే, విప్పమనే నా సలహా. చేతిలోకి తీసుకుని, తిప్పి చూసి, నేల మీద నడిపితేనే ఆ బొమ్మ చేసినవాళ్ల శ్రమ మనకు అందుతుంది.

ఇందాక గుర్తుంచుకోమన్న మాటకు వస్తున్నాను. టోమికా తన వీధి బండ్లతో మొదలైంది. మన కళాకారులూ అంతే చేశారు. కొండపల్లి బొమ్మల్లో అంబారీ ఏనుగు, ఎడ్ల బండి ఉన్నాయి. కళ్ల ముందు కదిలినదాన్నే వాళ్లు చెక్కారు. మరి మన కాలంలో మన కళ్ల ముందు కదిలేవి ఏవి? ఆర్టీసీ ఎర్ర బస్సు, పసుపు ఆటో, అంబాసిడర్, మారుతి 800. ఈ రెండు కార్ల తయారీ 2014లోనే ఆగిపోయింది. ప్లాస్టిక్‌లో వీటి బొమ్మలు మన దేశంలో చేస్తున్నారు, అది మెచ్చుకోవలసిందే. లోహంలో, సరైన స్కేలులో, అందరికీ అందే ధరలో మాత్రం ఇవి దొరకడం కష్టం. విశాఖలో ఒకప్పుడు జింక్ కర్మాగారమే నడిచింది. అచ్చులు చెక్కే విద్య బాలానగర్‌లో ఉంది. కొనే పిల్లలు ప్రతి వీధిలో ఉన్నారు. ఇన్ని ఉన్నా మన బస్సు మన పిల్లల అరచేతిలో లేకపోవడం పెద్ద లోటు. పరిశ్రమ పెట్టదలచిన యువకులు దీని గురించి ఆలోచించాలని గట్టిగా కోరుతున్నాను.

శ్రోతలందరికీ నా విన్నపం ఒకటి. కారు కొన్న రోజే ఒక నోటుబుక్కులో దాని పేరు, ధర, కొన్న చోటు, ఎందుకు కొన్నారో ఒక వాక్యం రాసి పెట్టుకోండి. పిల్లల చేతా రాయించండి. ఆ వాక్యం రాయలేకపోతే ఆ కారు మీకు అక్కర్లేదు. ఒకే కారు రెండుంటే, రెండోది లేని పిల్లవాడికి ఇచ్చెయ్యండి.